పెరట్లో పువ్వు... చేతిలో కెమెరా

అడవిలో పువ్వును దగ్గర్నించి ఫొటో తీయాలని ఎప్పుడైనా ప్రయత్నించారా? చూసేవాళ్లకి సులువుగానే అనిపిస్తుంది. పువ్వేమీ పారిపోదు కదా! కానీ తడి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, చిటికెన వేలి గోరంత పువ్వు మీదికి కెమెరా తెచ్చేసరికి ఎక్కణ్ణించో చిన్న గాలి వస్తుంది. పువ్వు ఊగుతుంది. అది ఆగేసరికి మన చెయ్యి ఊగుతుంది. రెండూ కుదిరాయనుకునేలోపు మెడ మీద దోమ కుడుతుంది. గంటసేపు తంటాలుపడి ఇంటికొచ్చి చూసుకుంటే నలభై ఫొటోల్లో ఒక్కటి బాగుంటే గొప్ప.

ఆ ఒక్కటి చాలు నాకు. మాది వికారాబాద్. అనంతగిరి గుట్టలు మా ఊరికి పక్కనే. వానాకాలం వస్తే చాలు, ఆదివారం తెల్లారగానే నలుగురు స్నేహితురాళ్లం కలిసి గుట్టెక్కేవాళ్లం. అడవినాభి పూరేకులు పచ్చగా మొదలై పసుపులోకి, పసుపు నుంచి నిప్పురంగులోకి మారడం మొదటిసారి కెమెరాలోనే చూశాను. వినాయకచవితి పత్రిలో ఏళ్ల తరబడి చేత్తో పట్టుకున్న విష్ణుక్రాంత పువ్వు ఎంత నీలంగా ఉంటుందో కూడా అప్పుడే తెలిసింది. పాత లెన్సు ఒకటి సగం ధరకి కొన్నాను. ఇంట్లోవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నా.

రెండు వానాకాలాలు అలా గడిచాయి. మూడో ఏడు జూన్‌లో మా అత్తమ్మ బాత్‌రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యి ఇంటికొచ్చాక లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషిని నేనే. ఆదివారం అయినా, సోమవారం అయినా ఒకటే.

అత్తమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె పడాలని పడలేదు కదా! కానీ ఆదివారం మధ్యాహ్నం స్నేహితురాళ్లు గుట్ట మీంచి ఫొటోలు పంపుతుంటే ఎవరిమీదో తెలియని కోపం వచ్చేది. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంక ఈ పిచ్చి మానేద్దాం అనుకున్నా.

అప్పుడే హాస్టల్లో ఉన్న మా అమ్మాయి ఒక ఫొటో పంపింది. నలుపు తెలుపు ఫొటో. చట్రం నిండా ఒకే ఒక్క పువ్వు. తెల్లటి రేకులు గిన్నెలా తెరుచుకుని ఉన్నాయి. మధ్యలో చిన్న కంకిలా నిలబడ్డ అండకోశం, దాని చుట్టూ వత్తుల్లాంటి కేసరాలు. ఒక్కో కేసరం విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. కింద తేదీ చూశాను. 1925! ఇప్పటి లెన్సులూ లేవు, ఆటోఫోకస్సూ లేదు. ఏ అడవికి వెళ్లి తీశారో, ఎన్ని రోజులు పట్టిందో అనుకున్నా.

ఏ అడవికీ వెళ్లలేదట. తీసినావిడ ముగ్గురు చిన్నపిల్లల తల్లి. బయటికి వెళ్లే వీల్లేక ఇంటి తోటలోని పూలవైపే కెమెరా తిప్పిందట.

ఆ మాటతో నాకు కుతూహలం పట్టుకుంది. అత్తమ్మ నిద్రపోయే మధ్యాహ్నాలన్నీ ఆవిడ గురించి చదవడంతోనే సరిపోయింది. ఆవిడ పేరు ఇమోజెన్ కన్నింగ్‌హామ్.

చెక్కల కొట్టంలో చీకటిగది

ఇమోజెన్ 1883 ఏప్రిల్ 12న అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టింది. పదిమంది పిల్లల్లో ఐదోది. ఉన్న కుటుంబమేం కాదు. తండ్రి ఐజాక్ కట్టెలు, బొగ్గు అమ్మేవాడు. కానీ పుస్తకాలంటే ప్రాణం. షేక్‌స్పియర్ నాటకంలోని నాయిక పేరు ఏరికోరి కూతురికి పెట్టుకున్నాడు. బడికి వెళ్లకముందే ఇంట్లో చదవడం నేర్పాడు. అంతమంది పిల్లల్ని సాకుతూ కూడా ఈ పిల్లకి సెలవుల్లో బొమ్మలు వేయడం నేర్పించడానికి డబ్బు సర్దాడు.

కుటుంబం సియాటిల్ నగరానికి మారింది. అక్కడే ఇమోజెన్‌కి పద్ధెనిమిదేళ్ల వయసులో ఫొటోగ్రఫీ మీద మనసు పోయింది. పోస్టులో పాఠాలు పంపే ఒక సంస్థ నుంచి కెమెరా తెప్పించుకుంది. నాలుగంగుళాలకి ఐదంగుళాల గాజు పలకల మీద ఫొటో తీసే కెమెరా అది. కొన్నాళ్లకి ఆ సరదా తగ్గి, కెమెరా అమ్మేసింది కూడా. తర్వాత గెర్ట్రూడ్ కేసెబియర్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన తల్లీబిడ్డల చిత్రాలు చూసింది. ఒక ఆడది ఇంత పని చేయగలదా అనిపించింది. మళ్లీ కెమెరా పట్టింది. ఇంక వదల్లేదు.

తండ్రికి ఈ వరస నచ్చలేదు. ఇంత చదివించింది చేతులకి మందుల మరకలు పూసుకుని ఫొటోలు తీసుకోవడానికా అని బాధపడ్డాడు. మన ఇళ్లలోనూ వినే మాటే కదూ! అయితే అదే తండ్రి ఇంటి వెనక కట్టెల కొట్టంలో ఆమె కోసం ఓ చీకటిగది కట్టిపెట్టాడు. పెట్టెలో కొవ్వొత్తి వెలిగించి, దానికి ఎర్ర కాగితం అడ్డంపెడితే అదే ఎర్రదీపం. ఆ వెలుతురులో ఇమోజెన్ తన మొదటి ఫొటోలు కడిగింది. నచ్చకపోయినా సాయం చేసే తండ్రి ఉండటం ఎంత అదృష్టమో!

కెమిస్ట్రీ చదివిన అమ్మాయి

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఫొటోగ్రఫీకి ప్రత్యేకంగా చదువు లేదు. ఫొటోగ్రఫీ నేర్వాలంటే రసాయన శాస్త్రం చదవమని ప్రొఫెసర్ సలహా ఇచ్చాడు. ఆ రోజుల్లో ఫొటో అంటే సగం కెమెరా, సగం మందులు. పలకకి పూసే ఉప్పులు, కడిగే ద్రావకాలు, నిలబెట్టే ద్రావకాలు... అన్నీ చేతులతో చేసుకోవాల్సిందే. సరేనని కెమిస్ట్రీ తీసుకుంది. 1907లో ఫొటోగ్రఫీ పద్ధతుల మీదే వ్యాసం రాసి పట్టా పుచ్చుకుంది.

చదువు ఖర్చుల కోసం ఆమె చేసిన పని ఏమిటో తెలుసా? వృక్షశాస్త్ర విభాగానికి మొక్కల స్లయిడ్లు తయారు చేసిచ్చేది. పాఠం చెప్పేటప్పుడు గోడ మీద పెద్దగా వేసి చూపించే గాజు స్లయిడ్లు అవి. ఆకు ఈనె, పూరేకు మడత, కాడ మీద నూగు... ఏదీ మసకగా ఉండకూడదు. ఇరవై ఏళ్ల తర్వాత తన తోటలో పువ్వు ముందు కూర్చున్నప్పుడు ఈ చేతివాటం ఊరికే పోలేదనిపిస్తుంది నాకు. పొట్టకూటి కోసం నేర్చుకున్న పని ఎప్పుడు అక్కరకొస్తుందో ఎవరికి తెలుసు?

పట్టా చేతికొచ్చాక సియాటిల్‌లోనే పేరున్న ఎడ్వర్డ్ కర్టిస్ స్టూడియోలో చేరింది. అమెరికా ఆదివాసుల ఫొటోలతో ప్రసిద్ధుడైన కర్టిస్ అతనే. అక్కడ ప్లాటినం కాగితం మీద ఫొటో ముద్రించడం నేర్చింది. 1909లో ఐదు వందల డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే ఒంటరిగా ఓడెక్కి జర్మనీలోని డ్రెస్డెన్‌కి వెళ్లి, ఫొటోగ్రఫీ రసాయనాల మీద పరిశోధన చేసింది. ప్లాటినం కాగితాన్ని ఎవరికివారే తయారు చేసుకోవడం గురించి వ్యాసం ప్రచురించింది. తిరుగు ప్రయాణంలో న్యూయార్క్‌లో దిగి, ఏ కేసెబియర్ చిత్రాలు చూసి తాను మళ్లీ కెమెరా పట్టిందో ఆమెని కలిసి వచ్చింది.

1910లో సియాటిల్‌లో సొంత స్టూడియో తెరిచింది. అప్పటికామెకి ఇరవై ఏడేళ్లు. మనుషుల ఫొటోలు తీస్తూ తన బతుకు తను బతికింది. 1913లో ఫొటోగ్రఫీ ఆడవాళ్లకి వృత్తిగా పనికొస్తుందని వాదిస్తూ ఒక వ్యాసం కూడా రాసింది. మగవాళ్లని మించిపోవాలని కాదు, తమకంటూ ఒక పని ఉండాలి, అది తమకోసం చేసుకోవాలి అన్నది అందులో సారాంశం. వందేళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు.

మూసిన స్టూడియో

1915లో రాయ్ పార్ట్రిడ్జ్ అనే చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుంది. అతను రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి ముద్రించేవాడు. ఆ ఏడే ఇద్దరూ రెయినీర్ పర్వతానికి వెళ్లారు. అక్కడి మంచులో, నీళ్ల పక్కన భర్తనే మోడల్‌గా పెట్టి, ఒంటి మీద బట్టలు లేకుండా ఫొటోలు తీసింది. మగ చిత్రకారులు ఆడవాళ్లని అలా వేస్తే కళ అన్న లోకం, ఒక ఆడది కెమెరా వెనక నిలబడేసరికి గగ్గోలు పెట్టింది. ఆమె ఆ నెగటివ్‌లని దశాబ్దాల పాటు దాచేసింది.

ఆ సంవత్సరం డిసెంబర్‌లోనే పెద్దకొడుకు గ్రిఫిడ్ పుట్టాడు. 1917లో మళ్లీ గర్భవతి. స్టూడియో నడపడం, ఒక పసివాణ్ణి సాకడం, ఇంకో కాన్పుకి సిద్ధం కావడం... మూడూ కుదరలేదు. స్టూడియో మూసేసి కాలిఫోర్నియాకి తరలిపోవాల్సి వచ్చింది. అప్పటిదాకా తీసిన గాజు నెగటివ్‌లు బోలెడన్ని అక్కడే వదిలేసింది. గాజు బరువు, గాజు పగులుతుంది. చంకలో పిల్లవాడున్నప్పుడు ఎన్నని మోస్తుంది? ఏడేళ్ల పని అది. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బీరువాలో కెమెరా పెట్టి తాళం వేసిన చప్పుడు మళ్లీ వినిపించింది.

ఆ సెప్టెంబర్‌లో కవలలు పుట్టారు, రోండల్, పాడ్రిక్. పెద్దవాడికి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. కవలల్ని పెంచిన తల్లులకి వేరే చెప్పక్కర్లేదు. ఒకడు పడుకుంటే ఇంకొకడు లేస్తాడు. ఇద్దరూ పడుకుంటే మూడోవాడు ఏడుస్తాడు. 1920లో రాయ్‌కి ఓక్లాండ్‌లోని మిల్స్ కళాశాలలో బోధించే ఉద్యోగం వచ్చింది. కుటుంబం అక్కడ కాపురం పెట్టింది. భర్త పొద్దున కాలేజీకి వెళ్తాడు. ఇంట్లో ముగ్గురు మగపిల్లలు, వంట, ఉతుకు, ఊడ్పు. డ్రెస్డెన్‌లో పరిశోధన చేసొచ్చిన ఇమోజెన్ ప్రపంచం ఇంటి తోట గోడ దగ్గర ఆగిపోయింది.

రెండేళ్లు ఒకే పువ్వు

ఆ తోటలో ఆమె పూలమొక్కలు పెంచేది. పిల్లలు కళ్లముందు ఆడుకుంటున్నప్పుడు, మధ్యాహ్నం వాళ్లు కునుకు తీసినప్పుడు కెమెరా బయటికి తెచ్చేది. దూరం వెళ్లే వీల్లేదు కాబట్టి దగ్గరికి వెళ్లింది. ఇంకా దగ్గరికి వెళ్లింది. తోట మొత్తం కాదు, మొక్క మొత్తం కూడా కాదు. ఒక్క పువ్వు. ఆ పువ్వులోనూ నడిమి భాగం.

1923 నుంచి 1925 దాకా, రెండేళ్లపాటు, మాగ్నోలియా పువ్వు వెంట పడింది. మా అమ్మాయి పంపింది అందులోదే. మాగ్నోలియా అంటే మనకి పరాయిదేం కాదు. మన సంపెంగ ఆ కుటుంబంలోదే. వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు సంపెంగని మాగ్నోలియా చంపకా అనే పిలుస్తున్నారు. జడలో పెట్టుకున్న సంపెంగని ఎన్నిసార్లు ముక్కు దగ్గర పెట్టుకున్నామో, కానీ దాని నడుమ ఏముందో ఒక్కసారైనా చూశామా?

ఆమె ఫొటో తీసిన మొక్కల పట్టిక చూస్తే నవ్వొచ్చింది. అరటి, కలబంద, ఉమ్మెత్త, రబ్బరు మొక్క, కాలా లిల్లీ. ఇందులో సగం మన పెరట్లోనో, వీధి చివరనో ఉండేవే. అరటాకుల మీద పడిన వెలుగునీడల చారల్నే ఒక బొమ్మగా చేసింది. రెండు కాలా లిల్లీలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్న ఫొటో మాగ్నోలియాతో సమానంగా పేరు పొందింది. ఏది అందమైనదో, ఏది కలుపో ముందే తేల్చుకుని చూడలేదు ఆమె. ఆకారం ఎలా ఉందో చూసింది, అంతే.

అంత దగ్గర్నించి ఎలా తీయగలిగింది? కాస్త దగ్గరి ఫొటోలు తీసినవాళ్లకి ఇది తెలుసుకోవాలని ఉంటుంది. ఆ కాలపు పెద్ద కెమెరాలకి లెన్సుకీ పలకకీ మధ్య హార్మోనియం తిత్తిలా ముడతలు పడే సంచి ఉండేది. దాన్ని ఎంత లాగితే అంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదురుతుంది, బొమ్మ అంత పెద్దదవుతుంది. అసలు పువ్వు ఎంతుందో పలక మీద బొమ్మా అంతే పడితే, దాన్నే మనం మాక్రో అంటున్నాం.

అయితే ఇక్కడే చిక్కు ఉంది. దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టంగా కనిపించే మందం తగ్గిపోతుంది. ముందు కేసరం స్పష్టంగా ఉంటే వెనక రేకు అలుక్కుపోతుంది. అన్నీ స్పష్టంగా రావాలంటే లెన్సులోని రంధ్రాన్ని సూది బెజ్జంలా చిన్నది చేయాలి. చిన్నది చేస్తే వెలుతురు తక్కువ వస్తుంది. వెలుతురు తక్కువైతే ఫొటో పడటానికి సమయం ఎక్కువ పడుతుంది. ఆ సమయమంతా పువ్వు కదలకూడదు, గాలి వీయకూడదు, కెమెరాకి ఎవరూ తగలకూడదు. ముగ్గురు మగపిల్లలున్న ఇంట్లో ఆ కొన్ని క్షణాలు దొరకాలంటే ఎంత కాచుకుని ఉండాలో ఊహించండి!

ఇదంతా చదివాక నాకు ఒక సంగతి తట్టింది. దగ్గరి ఫొటోకి కావాల్సింది ఖరీదైన లెన్సు కన్నా ముందు ఓపిక. ఒకే పువ్వును రోజూ చూసే వీలు. మొగ్గ ఎప్పుడు విచ్చింది, వెలుతురు ఏ వేళకి గోడ మీంచి దిగుతుంది, గాలి ఎప్పుడు పడిపోతుంది... ఇవి ఆదివారం గుట్టెక్కి వచ్చేవాళ్ల కన్నా ఇంటిపట్టున ఉన్నవాళ్లకే బాగా తెలుస్తాయి. ఇమోజెన్ తనకున్న అడ్డంకినే పనిముట్టు చేసుకుంది.

తోటగోడ దాటిన పూలు

ఆమె తోట దాటలేకపోయినా ఆమె పూలు దాటాయి. 1929లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ప్రపంచ ఫొటోగ్రఫీ ప్రదర్శన ఒకటి జరిగింది. అమెరికా నుంచి వెళ్లిన చిత్రాల్లో ఇమోజెన్‌వీ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మొక్కలవే. ఇరవై ఏళ్ల క్రితం విద్యార్థినిగా వెళ్లిన దేశానికి ఆమె పెరటి పూలు అతిథుల్లా వెళ్లాయి.

1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ లాంటి ఫొటోగ్రాఫర్లతో కలిసి ఒక బృందం కట్టింది. మసకమసగ్గా, పెయింటింగుల్లా కనిపించే ఫొటోలే కళ అనుకునే రోజులవి. వీళ్లు దానికి ఎదురు తిరిగారు. ఉన్నది ఉన్నట్టు, స్పష్టంగా చూపించడమే ఫొటో బలం అన్నారు. బృందానికి పెట్టుకున్న పేరు ఎఫ్/64. లెన్సులో ఆ సూది బెజ్జంలాంటి రంధ్రానికి కొలత అది. ఆ నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో వాళ్ల ప్రదర్శన జరిగింది. ఆమె అప్పటికి ఎన్నో ఏళ్లుగా పిల్లల కునుకుల మధ్య చేస్తున్న పనికి ఒక జెండా దొరికినట్టయింది.

ఇక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. ఇంట్లో ఉండే అన్నీ సాధించింది చూశారా, మీరూ ఉండండి అని మనకి నీతి చెప్పడానికీ పనికొస్తుంది. కానీ ఆమె బతుకు అక్కడ ఆగలేదు. ఆపితే నేను అబద్ధం చెప్పినట్టే.

1931లో మార్తా గ్రాహం అనే నర్తకిని ఆమె తీసిన ఫొటోలు వానిటీ ఫెయిర్ పత్రికలో అచ్చయ్యాయి. ఆ పత్రిక తర్వాత ఆమెతో సినిమా నటుల ఫొటోలు తీయించుకుంది. 1934లో న్యూయార్క్ వచ్చి పని చేయమని పిలిచింది. అప్పటికి ఇమోజెన్‌కి యాభై ఒకటో ఏడు నడుస్తోంది. పిల్లలు ఎదిగారు. భర్త ఇప్పుడే వద్దన్నాడు, తనకి వీలు కుదిరేదాకా ఆగమన్నాడు. ఆమె ఆగలేదు. పదిహేడేళ్లు ఆగింది కదా! వెళ్లింది. ఆ ఏడే పెళ్లి విడాకులతో ముగిసింది.

ఎవరిది తప్పని నేను తీర్పు చెప్పబోవడం లేదు. ఒకటి మాత్రం అర్థమైంది. తోటలో పూలు తీసినన్నాళ్లూ ఆమె రాజీపడి కూర్చోలేదు. చేతిని వాడిగా ఉంచుకుంది. తలుపు తెరుచుకున్నప్పుడు వెళ్లగలిగింది అందుకే. ఆ చెయ్యి తుప్పుపట్టి ఉంటే న్యూయార్క్ పిలుపు వచ్చేదే కాదు.

తొంభై దాటినా...

న్యూయార్క్ నుంచి తిరిగొచ్చాక ఒంటరిగానే నెట్టుకొచ్చింది. మనుషుల ఫొటోలు తీసి సంపాదించుకునేది. వీధుల్లో తిరిగి తీసేది. నలభైల్లో ఆన్సెల్ ఆడమ్స్ పిలుపుతో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కళాశాలలో పాఠాలు చెప్పింది. 1947లో ఆ ఊళ్లోనే గ్రీన్ స్ట్రీట్‌లో ఒక చిన్న ఇంట్లోకి మారి, కడదాకా అక్కడే ఉంది. కొడుకు రోండల్ తనూ ఫొటోగ్రాఫర్ అయ్యాడు. తోటలో అమ్మ కెమెరా చుట్టూ పరుగులు తీసిన కవలల్లో ఒకడు మరి!

1970లో, ఎనభై ఏడేళ్ల వయసులో, ఆమెకి గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. దేనికో తెలుసా? తన పాత నెగటివ్‌ల నుంచి కొత్తగా ప్రింట్లు వేసుకోవడానికి. వదిలేయాల్సి వచ్చినవి పోగా మిగిలినవాటిని ముసలి చేతులతో మళ్లీ వెలుగులోకి తెచ్చుకుంది. తొంభై దాటాక ఇంకో పని మొదలుపెట్టింది. తనలాగే తొంభై ఏళ్ల ప్రాయంలో ఉన్నవాళ్లని వెతికి వెతికి ఫొటోలు తీసింది. ఆ పుస్తకం పూర్తికాకుండానే 1976 జూన్‌లో, తొంభై మూడేళ్లకి కన్నుమూసింది. పుస్తకం మరుసటి ఏడు వచ్చింది.

పద్ధెనిమిదేళ్లప్పుడు పట్టిన కెమెరా. డెబ్బై ఐదేళ్లు! అందులో పిల్లల పెంపకంతో తోటగోడ దాటలేని ఏళ్లు తీసేస్తే లెక్క తగ్గుతుందని నేను మొదట అనుకున్నాను. తీరా చూస్తే లోకం ఎక్కువగా తలుచుకునే ఫొటోలు ఆ ఏళ్లవే.

గోడ పక్కన తుమ్మిపువ్వు

చదవడం పూర్తయిన మర్నాడు బీరువా తాళం తీశాను. మా ప్రహరీగోడ పక్కన, కుళాయి నీళ్లు పారేచోట తుమ్మిమొక్కలు మొలిచి ఉన్నాయి. ఎన్నిసార్లు పీకేయాలనుకుని మర్చిపోయానో! ఒక కొమ్మ తుంచి గ్లాసులో పెట్టి, అత్తమ్మ మంచం పక్క కిటికీలో ఉంచాను. కిటికీ మూస్తే గాలి బాధ లేదు. వెనక నల్ల జాకెట్టు గుడ్డ. వెలుతురు ఒకవైపు నుంచే పడి రెండోవైపు చీకటవుతుంటే, తెల్ల అట్టముక్క ఒకటి ఆ పక్కన పెట్టాలి. పెట్టడానికి మూడో చెయ్యి కావాలి కదా!

అత్తమ్మ మాట్లాడకుండా చెయ్యి చాచింది. అట్టముక్క పట్టుకుని, ఎటు వంచమంటే అటు వంచింది. శివుడికి తుమ్మిపువ్వంటే ఎంత ఇష్టమో చెబుతూ, చిన్నప్పుడు వాళ్లమ్మ తుమ్మికూర ఎలా వండేదో కూడా చెప్పింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ కూర సంగతి నేను వినడం అదే మొదలు.

మొదటి రోజు ఒక్క ఫొటో కుదర్లేదు. మూడో రోజు కుదిరింది. తెల్లటి తుమ్మిపువ్వుకి పైరేకు మీద అంతా మెత్తటి నూగు ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? నేను నలభై ఐదేళ్లలో చూడలేదు. అత్తమ్మ డెబ్బై మూడేళ్లలో చూడలేదు. ఆవిడ కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ ఆ ఫొటోని చాలాసేపు చూసింది. ఆ తర్వాత గరిక కంకి, ఉత్తరేణి, గడ్డిచామంతి... గోడ పక్కనున్న కలుపంతా వరసగా ఆ కిటికీలోకి వచ్చింది.

ఇంకో పని కూడా చేశాను. ఇది చెప్పకపోతే ఇమోజెన్ కథ సగమే నేర్చుకున్నట్టవుతుంది. ఆ రాత్రి అన్నాల దగ్గర మావారితో, నెలలో ఒక ఆదివారం అత్తమ్మని మీరు చూసుకోవాలి, నేను గుట్టకి వెళ్లాలి అని చెప్పాను. అడగడానికి ఇన్ని నెలలు ఎందుకు పట్టిందో నాకే తెలియదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడింది అత్తమ్మే. వాడికి నన్ను లేపడం చేతకాకపోతే నేనే నేర్పుతాలే అంది పక్క గదిలోంచి.

మొన్న ఆగస్టులో అనంతగిరి ఎక్కాను. అడవినాభి పూసి ఉంది. గాలి ఎప్పట్లాగే ఊపింది, దోమ ఎప్పట్లాగే కుట్టింది. కానీ నలభై ఫొటోల్లో ఈసారి ఆరు బాగా వచ్చాయి. కిటికీ దగ్గర నేర్చుకున్న చెయ్యి అది.

మీ ఇంట్లోనూ బీరువాలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. కెమెరా కావచ్చు, వీణ కావచ్చు, సగం కుట్టిన చీర కావచ్చు. అందరికీ తీరిక దొరికాక తీద్దామని తాళం వేసి ఉంటారు. తీరిక దాకా ఆగకండి. గోడ పక్కన ఏం పూసిందో ఒకసారి చూసి రండి.